తత్త్వశాస్త్రం కోడిగుడ్డు మీద ఈకలు పీకడమేనా?

డిగ్రీలో ఫిలాసఫీ తీసుకుంటానని పిల్లవాడు అనగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న "దాంతో ఏం ఉద్యోగం వస్తుంది?" అని. రెండో ప్రశ్న పైకి అనరు గానీ మనసులో ఉంటుంది: కుండ వేరు, కుండదనం వేరు అంటూ జుట్లు పట్టుకోవడం తప్ప అందులో ఏముంది? తిరుపతిలో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత ఉంది. 1954లో పెట్టిన శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర విభాగం ఉంది. ఆ పక్కనే జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయానికి, అంటే తర్కశాస్త్రానికి, ఒక శాఖ, అద్వైతానికి ఒకటి, విశిష్టాద్వైతానికి ఒకటి, ద్వైతానికి ఒకటి. జగత్తు మిథ్య అని చెప్పేవారూ, కాదు ముమ్మాటికీ నిజమని చెప్పేవారూ ఒకే ప్రాంగణంలో పాఠాలు చెబుతున్నారు. జీతం మాత్రం ఇద్దరికీ సత్యమే.

ఎగతాళి కొత్తది కాదు. పనికిమాలిన విచారణకు 'కాకదంత పరీక్ష' అని పేరు పెట్టింది సంస్కృత పండితులే. కాకికి పళ్లెన్నో లెక్కపెట్టబోవడమన్నమాట. నెయ్యికి గిన్నె ఆధారమా, గిన్నెకు నెయ్యి ఆధారమా అని తేల్చుకోవడానికి గిన్నె బోర్లించి చూసిన తార్కికుడి కథ కూడా వాళ్ల నోటే ప్రచారమైంది. అంటే ఈ శాస్త్రం దారి తప్పి ఈకలు పీకడంలో పడుతుందన్న భయం లోపలివాళ్లకే ఉండేది. అందుకే పనికొచ్చే సూక్ష్మాన్నీ పనికిరాని సూక్ష్మాన్నీ విడదీసే పద్ధతులు కూడా వాళ్లే తయారుచేసుకున్నారు. అందులో ఒకటి ఇవాళ్టి సర్కారు జీవోల మీద కూడా పనిచేస్తుంది. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

పదం తీసేసి చూడటం

న్యాయశాస్త్రం మొదలుపెట్టేవాళ్లు నేటికీ ముందు చదివేది అన్నంభట్టు 'తర్కసంగ్రహం'. 17వ శతాబ్దపు చిన్న పుస్తకం. అన్నంభట్టు తెలుగువాడు, కాశీలో స్థిరపడ్డవాడు; చిత్తూరు ప్రాంతీయుడని రాసిన పండితులు కూడా ఉన్నారు. తన పుస్తకానికి 'దీపిక' అనే వ్యాఖ్య తనే రాసుకున్నాడు.

ఒక వస్తువుకు లక్షణం, అంటే నిర్వచనం, చెబితే దానికి మూడు దోషాలు పట్టవచ్చు అంటుంది దీపిక. ఉదాహరణ ఆవు. 'కపిల వర్ణం గలది ఆవు' అన్నామనుకోండి, తెల్లావు, నల్లావు బయట పడిపోతాయి. చెందాల్సినవాటిలో కొన్నిటికి చెందకపోవడం అవ్యాప్తి. 'కొమ్ములున్నది ఆవు' అంటే గేదె, మేక లోపలికొచ్చేస్తాయి. చెందకూడనిదానికి చెందడం అతివ్యాప్తి. 'ఒంటి గిట్ట ఉన్నది ఆవు' అంటే అసలు ఏ ఆవుకూ సరిపోదు, ఆవు గిట్ట చీలి ఉంటుంది గనుక. అది అసంభవం. మూడూ తప్పించుకునే లక్షణంగా మెడకింద వేలాడే గంగడోలును చెబుతారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పుంగనూరు ఆవును తీసుకోండి. నడుమెత్తు కూడా రాని ఆ పొట్టి ఆవు, 'ఇంత ఎత్తుండే పశువు' అన్న ఏ నిర్వచనంలోంచి అయినా జారిపోతుంది. గంగడోలు లెక్కన చూస్తే నిలబడుతుంది.

ఇంతవరకు బడిపిల్లలకూ తెలిసేదే. అసలు పని తర్వాత మొదలవుతుంది. లక్షణంలోని ఒక్కొక్క పదాన్నీ తీసేసి, తీసేస్తే ఏ దోషం వస్తుందో చూపాలి. దీన్ని పదకృత్యం అంటారు. వాయువుకు తర్కసంగ్రహం చెప్పిన లక్షణం 'రూపరహిత స్పర్శవాన్'. రంగూ రూపూ లేనిది, కానీ తాకితే తెలిసేది. 'రూపరహిత' తీసేయండి: తాకితే తెలిసేవి మట్టి, నీరు, నిప్పు కూడా ఉన్నాయి, అవన్నీ వాయువైపోతాయి. 'స్పర్శవాన్' తీసేయండి: రూపం లేని ఆకాశం, కాలం, ఆత్మ లోపలికొస్తాయి. రెండు పదాలూ పనిచేస్తున్నాయి కాబట్టి రెండూ ఉండాలి. ఏదైనా పదం తీసేసినా ఏమీ మారకపోతే అది వ్యర్థపదం, కొట్టేయాలి.

తత్త్వశాస్త్రం తెచ్చే ప్రతి భేదానికీ ఇదే పరీక్ష పెట్టవచ్చు. ఈ భేదాన్ని తీసేస్తే బయట పడిపోయేవాడు ఎవడు, లోపలికొచ్చేసేవాడు ఎవడు? జవాబు ఉంటే ఆ భేదం ఎంత సన్నదైనా పనికొచ్చేదే. లేకపోతే ఎంత గంభీరంగా చెప్పినా కాకి పళ్లే.

బియ్యం కార్డు మీద పదకృత్యం

పేదవాడు ఎవడు? ఇది నీతిశాస్త్రంలో, రాజనీతి తత్త్వంలో పెద్ద ప్రశ్న. సచివాలయంలో కౌంటరు వెనక కూర్చున్న ఉద్యోగికి అదొక చెక్‌లిస్టు. 2019 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన నవశకం సర్వేలో బియ్యం కార్డుకు పెట్టిన షరతులు చూడండి: నెల ఆదాయం పల్లెలో 10,000 రూపాయలు, పట్టణంలో 12,000 దాటకూడదు, మాగాణి 3 ఎకరాలు లేదా మెట్ట 10 ఎకరాలు మించకూడదు, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలి, ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ పింఛనుదారు గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు, నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు, ఆదాయపు పన్ను కట్టకూడదు.

ఇప్పుడు ఒక్కొక్క పదం తీసేద్దాం. ట్యాక్సీ మినహాయింపు తీసేస్తే అప్పు చేసి కారు కొని అలిపిరికీ రేణిగుంట ఎయిర్‌పోర్టుకూ తిప్పుకునే డ్రైవరు బయట పడతాడు. కారు అతని సంపద కాదు, పనిముట్టు. అవ్యాప్తి. పారిశుద్ధ్య కార్మికుల మినహాయింపు తీసేస్తే రోజూ చీకటితోనే వీధులు ఊడ్చే మనిషి 'ప్రభుత్వోద్యోగి' అయిపోయి కార్డు పోగొట్టుకుంటాడు. మళ్లీ అవ్యాప్తి. మరి 'ఆటో' మాటేమిటి? ఆటోకు మూడే చక్రాలు. నాలుగు చక్రాల నిషేధం దాన్ని అసలు తాకనే తాకదు, మరి మినహాయింపెందుకు, వ్యర్థపదం కాదా అని తార్కికుడు అడుగుతాడు. ఇక్కడే వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది, ఇదే ఈకలు పీకడమంటే అంటారు. కానీ ఒక్క క్షణం ఆగితే సరకులు వేసే ఆటోలు గుర్తొస్తాయి. టమాటా బాక్సులు మోసే నాలుగు చక్రాల బళ్లను కూడా జనం ఆటో అనే అంటారు. ఆ పదం అక్కడ ఉండటం వల్లే ఆ బండివాడి కార్డు నిలిచే అవకాశం ఉంది. వ్యర్థమని కొట్టేయబోయిన పదానికి పని దొరికింది. ఆ పని స్పష్టంగా రాసి ఉంటే ఇంకా బాగుండేది, అది వేరే సంగతి.

300 యూనిట్ల షరతులో దోషం ఇంకా లోతుగా ఉంది. ఒకే మీటరు కింద మూడు వాటాలుంటే యూనిట్లన్నీ ఒక్క ఖాతాలోనే పడతాయి. ఎక్కువ వాడేవాడు ధనికుడు అన్న నియమం ఒక ఇంటికి ఒక మీటరు, ఒక కుటుంబం అన్న ఊహ మీద నిలబడింది. ఆ ఊహ ఎక్కడా రాసి లేదు. రాయని ఊహను బయటికి లాగి చూపడం తత్త్వశాస్త్రంలో రోజువారీ పని. పథకాల అమలులో అర్హులు మిగిలిపోవడం, అనర్హులు చేరడం అని అధికారులు రెండు తప్పులు లెక్కవేస్తారు. తర్కసంగ్రహం చదివినవాడికి అవి పాత పరిచయస్తులే.

చనిపోవడమంటే ఏమిటి

2023 జనవరిలో శ్రీకాకుళం జిల్లాలో ఒకరి గుండెను విమానంలో తెచ్చి తిరుపతిలోని శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో ఒక పిల్లవాడికి అమర్చారు. ఎయిర్‌పోర్టు నుంచి ఆస్పత్రి దాకా రోడ్లు ఖాళీ చేయించారు. ఆ వార్తలో అందరూ చూసింది వేగం. కింద ఒక నిర్వచనం లేకపోతే ఆ వేగానికి అర్థమే లేదు. తీసిన గుండె పనికి రావాలంటే మామూలుగా తీసేనాటికి అది కొట్టుకుంటూ ఉండాలి. గుండె కొట్టుకునే శరీరంలోంచి దాన్ని తీయడం హత్య కాకూడదంటే ఆ మనిషి అప్పటికే చనిపోయి ఉండాలి. గుండె ఆడుతున్న మనిషి చనిపోయినట్టేనా?

1968లో హార్వర్డ్ కమిటీ ఒకటి కోలుకోలేని కోమాను మరణానికి కొలమానంగా ప్రతిపాదించినప్పటి నుంచి వైద్యులతో పాటు తత్త్వవేత్తలూ దీని మీద కుస్తీ పడుతున్నారు. మెదడంతా పోవాలా, ఊపిరినీ స్పృహనూ నిలబెట్టే మెదడు కాండం పోతే చాలా? అమెరికా మొత్తం మెదడు అంది. బ్రిటన్ కాండం చాలంది. మనం 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో కాండం దారిలోనే వెళ్లాం. నిర్ధారణకు నలుగురు వైద్యుల బోర్డు కావాలి, పరీక్షలు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. రెండోసారి ఎందుకంటే, చట్టంలో 'శాశ్వతంగా', 'తిరిగి రాకుండా' అన్న మాటలున్నాయి. ఒక్కసారి చూస్తే ఆగిందని తెలుస్తుంది. తిరిగి రాదన్న మాటకు ఆ ఒక్కసారి చాలదు.

ఇదొక వైపు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో మరణానికి ఉన్న నిర్వచనం వేరు: జీవం ఉందనడానికి ఉన్న ఆనవాళ్లన్నీ శాశ్వతంగా మాయమవడం. ఆ 'అన్నీ' అన్న ఒక్క పదం చూడండి. వెంటిలేటరు మీద గుండె ఆడుతుంటే అదీ ఒక ఆనవాలే. ఒక చట్టం ప్రకారం పోయినవాడు, ఇంకో చట్టం అక్షరార్థం ప్రకారం ఉన్నవాడు. బంధువులు దానానికి ఒప్పుకుంటే మొదటి చట్టం దారి చూపిస్తుంది. ఒప్పుకోకపోతే వెంటిలేటరు తీయవచ్చా, బిల్లు ఎవరి మీద పడుతుంది, మరణ సమయం ఏదని రాయాలి అన్నదగ్గర డాక్టరూ కుటుంబమూ ఇరుకున పడతారు. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఆ పదం చిన్న విషయం కాదు.

ర్యాంకుల హోర్డింగు, తడి కట్టెలు

నిర్వచనాల సంగతి అలా ఉంచి, కారణాల సంగతికొద్దాం. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూశాం, కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పుంది. ఇది న్యాయశాస్త్రంలో అందరికీ తెలిసిన అనుమానం, అంటే కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడం. తిరగేస్తే? నిప్పున్నచోట పొగ ఉంటుందా? ఉండదు. కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. అయినా చాలాచోట్ల నిప్పుతో పాటు పొగ కనిపించి మోసం చేస్తుంది. పొగకు అసలు కావలసింది తడి కట్టె. పొగ ఉన్న ప్రతిచోటా తడి కట్టె ఉంటుంది, నిప్పున్న ప్రతిచోటా ఉండదు. నిరూపించాల్సినదాన్ని సాధ్యమనీ, దానికి ఆధారంగా చూపేదాన్ని హేతువనీ అంటారు; ఈ తిరగేసిన వాదంలో పొగ సాధ్యం, నిప్పు హేతువు. ఇలా సాధ్యాన్ని వదలకుండా, హేతువును మాత్రం అక్కడక్కడ వదిలేసి కూర్చునే మూడోదాన్ని ఉపాధి అంటారు. అది దొరికిందంటే ఆ అనుమానం పోయినట్టే.

తిరుపతిలో ఏ కూడలి చూసినా ఇంటర్ కాలేజీల హోర్డింగులు. మా దగ్గర చేరినవాళ్లకు ర్యాంకులొచ్చాయి, కాబట్టి చేరితే మీకూ వస్తుంది అన్నది వాటి సారాంశం. హేతువు చేరడం, సాధ్యం ర్యాంకు. ఇందులో తడి కట్టె ఎక్కడుందో వెతకాలి.

మొదట వ్యభిచారం చూడాలి, అంటే హేతువుండి సాధ్యం లేని చోటు. వెయ్యిమంది చేరి నలభైమందికి ర్యాంకు వచ్చిందనుకుంటే తొమ్మిదివందల అరవైమంది ఆ చోటే. హోర్డింగు మీద వాళ్ల ఫొటోలుండవు. దీంతోనే వాదన కూలిపోతుంది. ఎందుకు కూలిందో తెలియాలంటే మాత్రం ఆ నలభైమందినీ కలిపే అంశం వెతకాలి. ప్రవేశ పరీక్ష పెట్టి, ముందే బాగా చదివేవాళ్లను ఏరి, ఫీజు తగ్గించి ఒక సెక్షన్‌లో కూర్చోబెట్టి ఉంటే ఉపాధి అదే. ర్యాంకు వచ్చిన ప్రతివాడిలో అది ఉంది, చేరిన ప్రతివాడిలో లేదు. చివరగా చూడాల్సింది అలాంటి పిల్లలే వేరేచోట చదివితే ఏమైందన్నది. ఈ మూడో అడుగుకు సమాచారం కావాలి, తర్కం ఒక్కటే సరిపోదు. అయితే ఏ సమాచారం అడగాలో చెప్పింది తర్కమే. లక్షల్లో ఫీజు కట్టే తండ్రికి ఈ మాత్రం తెలిసి ఉంటే కౌంటరు దగ్గర అడిగే మొదటి ప్రశ్న మారిపోతుంది: "మామూలు సెక్షన్‌లో ఎంతమందికి వచ్చింది సార్?"

ఈ పనిముట్టు చేతికొచ్చాక కొందరికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ప్రతి కారణం వెనకా కనిపించని ఉపాధి ఉందేమో అని శంకించడం. టీకా వద్దనేవాళ్ల దగ్గర, ప్రతి వార్త వెనకా కుట్ర చూసేవాళ్ల దగ్గర ఇది ముదిరిన రూపంలో కనిపిస్తుంది. ఉదయనాచార్యుడనే నైయాయికుడు, అంటే న్యాయ పండితుడు, 'న్యాయకుసుమాంజలి'లో దీనికి హద్దు గీశాడు: శంక ఎంతవరకంటే నీ చేతే నీ మాటను కొట్టేసేంతవరకు. పొగకు నిప్పు కారణం కాదేమో అని వాదించేవాడు, పొగ కావలసి వచ్చినప్పుడు తటపటాయించకుండా నిప్పే రాజేస్తాడు. ఆకలికి అన్నమే తింటాడు. అలా చేస్తూ సందేహం ఉందనడం వ్యాఘాతం, అంటే తన మాటను తనే కాదనడం. అద్వైతి శ్రీహర్షుడు దీన్ని వెక్కిరించి తిప్పికొట్టాడు, నైయాయికుడు గంగేశుడు మళ్లీ నిలబెట్టాడు. ఆ గొడవ అటుంచితే, ఎక్కడ ఆగాలో చెప్పే కొలత ఒకటి ఉందన్నది ముఖ్యం. తత్త్వశాస్త్రం అంటే అంతులేని సందేహం అనుకునేవాళ్లకు ఈ భాగం తెలియదు.

నిజంగానే ఈకలు పీకిన చోట్లు

ఇక ఆరోపణ నిలబడే చోట్లు. గంగేశుడి 'తత్త్వచింతామణి' 14వ శతాబ్దపు మిథిలలో పుట్టింది. అందులో వ్యాప్తికి, అంటే పొగకూ నిప్పుకూ ఉన్న ఆ విడదీయరాని సంబంధానికి, ఐదు నిర్వచనాలు చెప్పి ఐదింటినీ తోసేసే భాగం ఉంది. మొదటిది సులువుగానే ఉంటుంది: సాధ్యం లేనిచోట హేతువు ఉండకపోవడమే వ్యాప్తి. నిప్పు లేని చెరువులో పొగ లేదు, సరిపోయింది. తోసేయడమెందుకు? 'ఇది మాటకు అందేది, తెలియదగినది గనుక' లాంటి అనుమానాలున్నాయట. మాటకు అందనిది లోకంలో ఏదీ లేదని నైయాయికుల మతం. అప్పుడు 'సాధ్యం లేనిచోటు' అన్నదే ఉండదు, నిర్వచనం గాలిలో వేలాడుతుంది.

మొదటిసారి విన్నవాడు నవ్వుతాడు. అయితే ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు ఈ చిక్కు వేరే వేషంలో రోజూ ఎదురవుతుంది: 'జాబితాలో తప్పు ఎంట్రీ ఏదీ లేదు' అని తనిఖీ రాస్తే, జాబితా ఖాళీగా ఉన్నప్పుడు కూడా అది పాసైపోతుంది. ఫైలే రాకపోయినా అంతా బాగుందని రిపోర్టు వస్తుంది. ఖాళీ చోటు గురించి నిర్వచనం ఏమంటుందన్న ప్రశ్నకు అక్కడ డబ్బు, సమయం తగులుతాయి. కాబట్టి గంగేశుడిది ఈకలు పీకడం అనలేం. ఆ ఐదు నిర్వచనాల మీద వ్యాఖ్య, దాని మీద టీక, దాని మీద ఇంకో టీక వచ్చి, ఒక్క సమాసం అరపేజీ పాకి, 'అవచ్ఛేదక' (హద్దు గీసేది) అన్న మాట లేకుండా పంక్తి నడవని స్థితి వచ్చాక మాత్రం పదకృత్య పరీక్షే దానికి ఎదురు తిరిగింది. అక్కడ చేర్చిన చాలా పదాలు కాపాడేది లోకంలోని వస్తువులను కాదు, ఇంకో పండితుడు లేవదీసిన అభ్యంతరాన్ని.

రెండో రకం పతనం ఇంకా తెలిసిందే. మోక్షానికి భగవంతుడి కృప కారణం లేకుండా వస్తుందా, మనవైపు నుంచి కొంచెమైనా ప్రయత్నం ఉండాలా? శ్రీవైష్ణవంలో ఇది అసలైన ప్రశ్న. పిల్లి తన పిల్లను నోట కరుచుకుని తీసుకెళుతుంది, కోతి పిల్ల మాత్రం తల్లిని తనే పట్టుకోవాలి; తెంగలై వారు మొదటిది, వడగలై వారు రెండోది అంటారు. మనిషి ప్రయత్నానికి విలువెంత అన్నది ఇందులో తేలాలి. ఆలోచించదగ్గ విషయమే. పద్దెనిమిది భేదాలుగా పెరిగింది, అదీ సరే. అక్కడి నుంచి నామం కింద పాదం ఉండాలా వద్దా, కంచి వరదరాజస్వామి గుడిలో ఎవరు ముందు పాడాలి అన్న తగాదాలుగా మారి తరతరాలు కోర్టుల్లో నడిచింది. ఈ దశకు వచ్చాక కృప సంగతి ఎవరూ అడగడం లేదు. భేదం సందేహం తీర్చే పని మానేసి, మనవాడెవడో గుర్తుపట్టే పని మొదలుపెట్టింది.

న్యాయశాస్త్రపు మూల గ్రంథమైన న్యాయసూత్రాలకు వ్యాఖ్య న్యాయభాష్యం. అందులో వాత్స్యాయనుడు పెట్టిన షరతు ఇక్కడ పనికొస్తుంది. అసలు తెలియనిదాని మీద న్యాయం నడవదు, తేలిపోయినదాని మీదా నడవదు, సందేహం ఉన్నదాని మీదే నడుస్తుంది. పైన చెప్పిన వాళ్లెవరికీ సందేహం లేదు. ఇవాళ్టి పీహెచ్‌డీల్లో చాలావాటికీ లేదు. 'ఫలానావారి తత్త్వంలో మానవతా విలువలు' అన్న శీర్షిక చూస్తే విలువలు ఉన్నాయనే తేలుతుందని మొదటి పేజీకి ముందే తెలిసిపోతుంది. తత్త్వశాస్త్రానికి చెడ్డపేరు తెచ్చింది సూక్ష్మం కన్నా ఇలాంటి మొద్దుతనమే ఎక్కువ.

వేల ఏళ్లుగా ఏదీ తేలలేదు కదా అన్నది ఇంకో అభియోగం. దీనికి మామూలుగా చెప్పే జవాబు, తేలినవన్నీ వేరే శాస్త్రాలుగా విడిపోయాయి అని. న్యూటన్ 1687లో తన పుస్తకానికి పెట్టిన పేరులో ఉన్నది ప్రకృతి తత్త్వశాస్త్రమే. క్లాడ్ షానన్ మిషిగన్‌లో చదివేటప్పుడు ఫిలాసఫీ క్లాసులో బూల్ తర్కం నేర్చుకుని, 1937లో దాన్ని రిలే సర్క్యూట్లకు పట్టించాడు. ఇవాళ్టి డిజిటల్ యంత్రాలన్నిటికీ ఆధారం అదే. నిజమే గానీ, ఈ జవాబును మరీ లాగకూడదు. వందలో ఒకటి సర్క్యూట్ అయిందని మిగతా తొంభైతొమ్మిదికీ లైసెన్సు రాదు. పైగా కొన్ని ప్రశ్నలు తేలకపోవడానికి కారణం ప్రతి తరమూ వాటిని తనకు తానే తేల్చుకోవలసి రావడం. తిరుపతి మిషన్ బడిలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ దర్శనాలన్నిటినీ వరసపెట్టి రెండు సంపుటాల్లో చెప్పాడు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో తన కోసం కట్టిన సంస్థనే రద్దు చేసి, సత్యానికి ఏ దర్శనమూ దారి కాదన్నాడు. ఇద్దరిలో ఎవరు చెప్పింది సరైనదో మూడోవాడు తేల్చి పెడితే చదివేవాడికి ఒరిగేదేమీ లేదు.

ఓడిపోయావని ఎప్పుడు అనాలి

టీవీ చర్చలు చూసేవాళ్లకు న్యాయసూత్రాల చివరి అధ్యాయం బాగా పనికొస్తుంది. అందులో వాది ఓడిపోయినట్టు లెక్కించే సందర్భాలు 22 ఉన్నాయి, నిగ్రహస్థానాలంటారు. తన ప్రతిజ్ఞను, అంటే నిరూపిస్తానన్న మాటను, తనే వదిలేయడం ఒకటి. ఇరుకున పడగానే ప్రతిజ్ఞను చల్లగా మార్చేయడం ఇంకొకటి. విషయం వదిలి వేరే విషయం ఎత్తుకోవడం, పని ఉందని చెప్పి మధ్యలో లేచిపోవడం కూడా ఓటమే. తన మీద వచ్చిన ఆరోపణకు జవాబివ్వకుండా "మరి మీ హయాంలో జరగలేదా?" అనడాన్ని మతానుజ్ఞ అన్నారు, తన తప్పు ఒప్పుకున్నట్టే లెక్క.

అన్నిటిలోకీ కఠినమైంది అననుభాషణం. ఎదుటివాడు తన మాట మూడుసార్లు చెప్పాడు, సభకు అర్థమైంది, అయినా నువ్వు దాన్ని తిరిగి చెప్పలేకపోయావంటే ఓడిపోయావు. ఖండించడం తర్వాత, ముందు అవతలివాడి వాదాన్ని అతను ఒప్పుకునేలా చెప్పగలగాలి. కాలేజీ డిబేట్లలో ఈ ఒక్క నియమం పెట్టి చూస్తే సగం గొంతులు తగ్గుతాయి. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి ఉన్న 250 మార్కుల ఎథిక్స్ పేపర్లో కేస్ స్టడీలు రాసేవాళ్లకూ ఇది నేరుగా అక్కరకొస్తుంది. రెండో పక్షాన్ని బలంగా రాయకుండా నిర్ణయానికి దూకిన జవాబు పేలవంగా ఉంటుంది.

ఇదంతా నేర్చుకోవాలనుకునేవారు తర్కసంగ్రహంతో మొదలుపెట్టవచ్చు, సంస్కృతం కొద్దిగా వస్తే చాలు. ఎక్కువమంది చేసే పొరపాటు దాన్ని బట్టీ పట్టడం. లక్షణాలు వరసగా అప్పజెప్పగలరు, ఒక్కదానిలోంచి ఒక్క పదం తీసి ఏ దోషమో చెప్పమంటే నీళ్లు నములుతారు. పట్టికలా చదివితే అది పట్టికగానే మిగులుతుంది. రోజుకొక్క లక్షణం చాలు, కాగితం మీద పదం కొట్టేసి, బయట పడ్డదానికీ లోపలికొచ్చినదానికీ ఒక్కో ఉదాహరణ తనే వెతుక్కుని రాసుకోవాలి. ఉదాహరణ పుస్తకంలోదై ఉండకూడదు.

సాధన కావాలంటే ఊళ్లోనే ఉంది. 2024 డిసెంబరు నుంచి నెలలో మొదటి మంగళవారం తిరుపతి స్థానికులకు శ్రీవారి దర్శనం కల్పిస్తున్నారు, ఆధార్ చూపాలి. 'ఆధార్‌లో ఇక్కడి చిరునామా ఉన్నవాడు స్థానికుడు' అన్నది లక్షణం. కడప చిరునామాతో పదేళ్లుగా కొర్లగుంటలో అద్దెకుంటున్నవాడు బయటే ఉన్నాడు, అవ్యాప్తి. బెంగళూరులో స్థిరపడి కార్డు మార్పించుకోనివాడు లోపలున్నాడు, అతివ్యాప్తి. 'మూడేళ్లుగా ఇక్కడే నివసిస్తున్న' అన్న విశేషణం చేర్చి చూడండి. బెంగళూరువాడు బయటికి వెళతాడు. కొర్లగుంటవాడు లోపలికి రావాలంటే చిరునామా షరతు తీసేసి, మూడేళ్ల నివాసానికి ఇంటి ఓనరు రశీదు తెమ్మనాలి. అద్దె చేతిలో పుచ్చుకుని రశీదు ఇవ్వని ఓనర్ల ఇళ్లలో ఉండేవాళ్లంతా అప్పుడు మళ్లీ బయటే.